పదహారూ, మళ్లీ ఒకటీ

ఎవరి గురించీ, ఎర్సీలియా గురించా? అలా చెప్పు మరి, నేనింకా పింఛను కాగితాల మనిషివేమో అనుకుని లోపలికి పోబోయాను. కూర్చో. ఆ స్టూలు వద్దు, దాని కాలు ఊగుతుంది, మొన్న పోస్టుమాన్ వెల్లకిలా పడబోయాడు. ఇలా గడప మీదే కూర్చో. ఆ రికార్డు చేసే ఫోను తీసుకెళ్లి చిక్కుడుగింజల గిన్నెలో పెడతావేంటే తల్లీ, ఒలుస్తూ ఒలుస్తూ దాన్నీ సూపులో వేసేయగలను. ఆఁ, కిటికీ మీద పెట్టు. వినపడుతుందో లేదో అని బెంగపడకు, నా గొంతు కాలవ అవతలిగట్టుకి కూడా వినపడుతుందని మా ఆయన పోయేదాకా మొత్తుకుంటూనే ఉన్నాడు. అయితే మీ లైబ్రరీవాళ్లు వచ్చే శనివారం చౌకులో తెరకట్టి ఎర్సీలియా సినిమా వేస్తారన్నమాట. ఏ సినిమా? లైట్‌హౌసు కాపలావాడి పెళ్లాంగా వేసిందే, అదా? మంచిదే. అందులో చాలా బావుంటుంది, చివర్లో చచ్చిపోతుంది కూడా. ముందు నువ్వు లేచి నాలుగు మాటలు మాట్లాడాలి, అంతేగా. మాట్లాడు, కానీ జినేవ్రా, "మన ఊరి ఆడపడుచు గొంతు వినండి" అని మాత్రం నోరు జారకు. ముసలాళ్లం ఇంకా ఏడెనిమిది మందిమి బతికే ఉన్నాం, ముందు వరసలో కూర్చుని పకపకా నవ్వుతాం. ఆ సినిమాలో ఎర్సీలియా కనపడుతుంది గానీ వినపడదు. పదకొండు సినిమాల్లో వేసింది, పదకొండిట్లోనూ ఒక్క ముక్క వినపడదు.

మూగదాని వేషాలు కాదే, మాట్లాడుతుంది, నోరు ఆడుతూనే ఉంటుంది. చెప్తాగా, తొందరపడకు. ముందు వాళ్లమ్మ సంగతి చెప్పకపోతే నీకిదేం అర్థంకాదు. మీ అమ్మ తరఫు తియొజోలు కదూ? ఈ ఊళ్లో రాయి విసిరితే అయితే బోస్కొలోకి తగుల్తుంది, లేకపోతే తియొజోకి. అందుకేగా మన ఇంటిపేర్లకి వెనకాల ఇంకో తోక తగిలించింది, సర్కారు కాగితాల్లో కూడా. వీళ్లు బోస్కొలో గాతోలు, అంటే పిల్లి బోస్కొలోలు. ముత్తాతెవరో ఎవరి పడవలోనో చేప కొట్టేశాడట, చేప అరిగిపోయింది గానీ పేరు అరగలేదు. మేము గోడకి ఇవతల, వాళ్లు అవతల. వాళ్లమ్మ పేరు అమాబిలే, అంటే ముద్దొచ్చేది అని. పేరుకీ మనిషికీ పొంతనుంటే ఒట్టు. చేపలబజార్లో ఆవిడ అరిచిందంటే చచ్చిన చేపలు లేచి తోకలాడిస్తాయనేవాళ్లు. నేను అత్తా అని పిలిచేదాన్ని, చుట్టరికం ఏం లేదు, భయం. పాపం, కళ్లలో నీటికాసులు వచ్చాయి. యుద్ధం అయ్యేసరికి మసక, నలభై ఏడుకల్లా మొత్తానికే పోయాయి. పోయినా బజారు మానిందా? మానలేదు. బొటనవేలితో మొప్ప ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది మొన్నటిది, తీసుకెళ్లి నీ పెళ్లానికి పెట్టుకో" అనేది పడవవాడితో. ఆ పడవవాడు నోరెత్తకుండా పోయేవాడు. మనుషుల్ని గొంతుబట్టే పోల్చుకునేది. ఆవిడకి మనిషంటే గొంతే, ఇంకేమీ లేదు.

నలభై తొమ్మిదిలో రోము నుంచి సినిమావాళ్లు దిగారు, మన రేవులో షూటింగు. వాళ్లకి ఒక ఆడపిల్ల కావాలి, హీరో మీద చేపలబుట్ట విసరాలి, అంతే పాత్ర. ఊళ్లో వయసు పిల్లలందరం జుట్లు దువ్వుకుని వరసగా నిలబడ్డాం. నేనూ నిలబడ్డాను. నవ్వకు, నాకప్పుడు నడుముండేది. ఎర్సీలియా వరసలో లేదు, వాళ్లమ్మతో బల్ల దగ్గర సార్డీన్ చేపలు సర్దుకుంటోంది. ఆ హీరో మీసాలకి నూనె రాసుకుని సరిగ్గా దారికడ్డంగా నిలబడ్డాడు. "తప్పుకోండి బాబూ" అంది. తప్పుకోలేదు. ఇంకోసారి అంది. మూడోసారి అనలేదు, బుట్టతో ఒక్క తోపు తోసింది. తెల్ల ప్యాంటు నిండా పొలుసులు. డైరెక్టరు ఎగిరి గంతేసి "అదీ! అదే నాక్కావాల్సింది!" అన్నాడు. మేం జుట్లు దువ్వుకుంటూ అక్కడే ఉన్నాం. ఆర్నెల్లకి రోము రమ్మని కబురొచ్చింది. అమాబిలే అత్త ఆపుతుందనుకున్నాం, ఆపలేదు. "చేపకంపు లేని పని దొరుకుతుంటే ఎందుకు మానాలి? పో. ఆదివారం పూజ మాత్రం ఎగ్గొట్టకు" అంది. అక్కడికెళ్లాక పేరు మార్చేశారు. ఫ్లావియా దొరెల్. పోస్టరు మీద చూసి మా నాన్న, "దొరెల్ ఎవర్రా? దొరెల్ అని ఈ ఊళ్లో ఎవరూ లేరే, పిల్లి ఏమైంది?" అన్నాడు.

ఇంతకీ ఎక్కడున్నాను? ఆఁ, లెక్కలు. నీకు తెలీదులే, అప్పట్లో షూటింగు జరిగేచోట మాట పట్టేవాళ్లు కాదు. బొమ్మ ఒకచోట, గొంతు ఒకచోట. ముందు బొమ్మ తీసేసి, ఆనక చీకటిగదిలో మైకు ముందు వేరేవాళ్ల చేత మాట్లాడించి అతికించేవాళ్లు. మొహం బావుండి మాట బావులేకపోతే, "నువ్వు డైలాగు బట్టీపట్టకమ్మా, అంకెలు లెక్కపెట్టు, నోరు ఆడితే చాలు" అనేవాళ్లు. మన మాట వాళ్లకి బావుంటుందా? మాట చివర సాగదీస్తాం, రెండుని రొండూ అంటాం. మొదటిరోజు ఎర్సీలియా నోరు తెరిచిందట, లైట్లు పట్టుకునేవాడు నిచ్చెన మీదే నవ్వాడట. డైరెక్టరు "లెక్కపెట్టు" అన్నాడు. సరే, లెక్కపెట్టడం దానికి కొత్తా? పుట్టినప్పట్నుంచీ వాళ్లమ్మ పక్కన బల్ల దగ్గర చేపలు లెక్కపెడుతూనే ఉంది. సెలవుకొచ్చినప్పుడు ఈ గడప మీదే కూర్చుని చేసి చూపించేది, మేం కడుపుబ్బ నవ్వేవాళ్లం. ప్రేమ సీనుకి పెద్ద సోల్ చేపలు లెక్కపెట్టినట్టు మెల్లిగా, ఒక్కొక్కదాన్నీ తడుముతూ, "పదకొండూ... పన్నెండూ..." కోపానికి కుళ్లిన సార్డీన్లు. ఏడుపుకేమో తుఫాను మర్నాడు బుట్టలో మిగిలిన నాలుగే నాలుగు చేపలు. ఎప్పుడూ పదకొండు నుంచే మొదలుపెట్టేది. ఒకటీ రెండూ పొట్టి మాటలు, డైలాగంత నోరు ఆడదని చీకటిగది ఆవిడ చెప్పిందట. ఒకసారి డైరెక్టరు దగ్గరికొచ్చి కళ్లు తుడుచుకుంటూ, "అమ్మాయ్, ఇప్పుడు మనసులో ఏమనుకున్నావు?" అని అడిగాడట. "సార్డీన్లండీ" అందట ఇది.

ఆ చీకటిగది ఆవిడ పేరు క్లేలియా. పొట్టిగా, లావుగా, ముగ్గురు పిల్లల తల్లి, చేతిలో రొట్టె పట్టుకుని కొరుక్కుంటూ మైకు ముందు నిలబడి, సీను రాగానే నమిలింది మింగేసి, "ప్రాణనాథా! నన్ను విడనాడి వెళ్లిపోతున్నారా!" అని కన్నీళ్లొచ్చేలా అనేదట. అనేసి మళ్లీ కొరికేదట. ఎర్సీలియాకి ఆవిడంటే కోపం లేదు, ఏమాటకామాటే చెప్పుకోవాలి. "పనిమంతురాలే, నా మొహం మీద ఎంత బాగా ఏడుస్తుందో" అనేది. మన ఊరి పుల్లసార్డీన్లు, ఉల్లిపాయా సిర్కా వేసి మనం ఊరబెడతామే, అవి డబ్బాలో పెట్టుకెళ్లి ఆవిడకి ఇచ్చేది.

ఇక రోము వెళ్లాక చేసిన మొదటి సినిమా ఊళ్లోకొచ్చింది. పెళ్లికెళ్లినట్టు వెళ్లాం అందరం. అమాబిలే అత్త నల్లబట్టలు తీసి ఇస్త్రీ చేయించుకుంది, మధ్య వరసలో మధ్య కుర్చీ, ఈ పక్క నేను. బొమ్మ మొదలైంది. ఎర్సీలియా వచ్చింది, హాలంతా ఈలలూ చప్పట్లూ. అత్త నా మోచెయ్యి పట్టుకుని, "ఎవరొచ్చారే?" అంది. "మనదే అత్తా!" అన్నాను. "ఏదీ, మాట్లాడనీ" అని తల ముందుకి వంచి కూర్చుంది. క్లేలియా గొంతు వచ్చింది. "ఇదెవరో దొరసాని. మనదెప్పుడొస్తుంది?" అంది. "ఇప్పుడు మాట్లాడేది మనదే అత్తా" అన్నాను. "నీ మొహం, దాన్ని కన్నది నేను" అంది. అలా గంటన్నర కూర్చుంది, తల వంచుకుని, మధ్యమధ్య "వచ్చిందా?" అని. చుట్టూ ఉన్నవాళ్లంతా ఏడుస్తున్నారు, తెరమీద పిల్ల చచ్చిపోతోంది. లైట్లేశాక, "పదండి, మనదాన్ని తీసేసినట్టున్నారు" అని లేచింది. బయట జనం చుట్టూ చేరి "ఎంత బాగా చేసిందమ్మా నీ కూతురు" అంటుంటే, ఆవిడ చేత్తో గోడ తడుముకుంటూ వెళ్లిపోయింది.

రెండో సినిమాకి నేనొక తెలివితేటల పని చేశాను. మన టోకు బజార్లో వేలంపాట చెవిలో చెప్తారు కదా, కొనేవాడు వచ్చి పాటగాడి చెవిలో ధర ఊదిపోతాడు. అలాగ నేను అత్త చెవిలో నోరు పెట్టి, ఎర్సీలియా లాగే సాగదీసి, దాని మాటలు చెప్పడం మొదలుపెట్టాను. తెర మీద "మీ ప్రేమకై నా జీవితమంతయు వేచియుంటిని" అని దొరసాని, ఇక్కడ నేను "ఎంతసేపురా నీకోసం కాసుక్కూచునేదీ" అని. బాగానే చేస్తున్నాననుకున్నాను. మూడో డైలాగుకి చెంప ఛెళ్లుమంది. కళ్లు లేని మనిషి, చీకట్లో, గురి తప్పకుండా కొట్టింది చూడు! "నాకు కూతురు కావాలి గానీ కూతుర్ని వెక్కిరించే కోతి వద్దు" అంది. ఆ తర్వాత ఇంక సినిమాకి రాలేదు. బజార్లో ఎవరైనా అడిగితే, "బాగా ఏడ్చిందట, బాగా చచ్చిపోయిందట" అనేది. ఎప్పుడూ 'అట'లే.

ఆ 'అట' ఎర్సీలియా చెవిన పడింది. జూన్‌లో ఊరి పండక్కి వచ్చింది, అప్పటికి తొమ్మిదో సినిమా అయింది, టోపీ, గ్లవ్‌జులూ, వెనకాల పిల్లల మంద. అన్నం బల్ల దగ్గర అందరి ముందూ అడిగింది, "అమ్మా, నేనెలా చేశానే?" అని. అత్త చేప ముల్లు తీసుకుంటూ, "బాగా చేశావట" అంది. అంతే. ఎర్సీలియా నవ్వుతూనే ఉంది, కానీ కంచం పక్కకి నెట్టేసింది. ఆనక ఇద్దరం కాలవగట్టు మీద కూర్చున్నాం. గ్లవ్‌జులు తీసి ఒళ్లో పెట్టుకుని, "ఆర్జియా, నాలుగు సినిమాల్లో చచ్చిపోయాను. ఊరు ఊరంతా ఏడ్చింది. మా అమ్మకి మాత్రం నేను రోము రైలెక్కినరోజే పోయినట్టు లెక్క" అంది. డైరెక్టర్లందరినీ అడిగిందట, ఒక్క వాక్యం, ఒక్కటంటే ఒక్కటి, సొంత గొంతుతో పెట్టండని. ఒకడు, "చేపలమ్మే వేషం వచ్చినప్పుడు చూద్దాం" అన్నాడట. చేపలమ్మే వేషం వచ్చింది కూడా. దానికీ క్లేలియానే పెట్టారు.

అప్పుడొచ్చింది టీవీ. మన ఒరెస్తె కాఫీ బార్లో మొదటిది, యాభై ఆరులో, ఇంత పొట్టి అద్దం, ఇంత పొడుగు పెట్టె. టీవీలో నాటకాలు వేసేవాళ్లు, మిలాన్‌లో, అప్పటికప్పుడు. అక్కడ నోరు తెరిస్తే ఇక్కడ వినపడ్డమే, తప్పు పోతే పోయినట్టే, మధ్యలో చీకటిగది లేదు, క్లేలియా లేదు. ఎర్సీలియా ఆ సంగతి విన్నది, రైలెక్కి మిలాన్ వెళ్లి వేషం అడిగింది. ఆదివారం సాయంత్రాలు వచ్చే సీరియల్ నాటకం, గదులు అద్దెకిచ్చే విధవావిడ పాత్ర. మొదటివారం మొత్తం మీద ఐదు వాక్యాలు. ఆ డైరెక్టరు పుణ్యాత్ముడు, "గదులద్దెకిచ్చే ఆవిడ రాణీగారిలా మాట్లాడితే ఎవరు నమ్ముతారు? నీ గొంతే నాక్కావాలి" అన్నాడు. చిక్కెక్కడొచ్చిందంటే, సరిగ్గా ఆ నెలలోనే రోములో దానికి అసలైన పెద్ద వేషం వచ్చింది. హీరోయిన్. రంగుల్లో. ఎనిమిదేళ్లు పక్క వేషాలు వేశాక వచ్చింది. రెండూ ఒకే తారీఖులు. ఆ నిర్మాత, "రొట్టె వదిలేసి తునకలేరుకుంటావా, పిచ్చిదానా? ఇప్పుడు కాదంటే మళ్లీ ఈ గుమ్మం ఎక్కనివ్వను" అన్నాడట. ఇది కాదనేసింది. నాకు ఉత్తరం రాసింది: "ఆదివారం అయిదింటికి ఎలాగైనా అమ్మని బార్‌కి తీసుకురా. ఎందుకో చెప్పకు. నేనేం వదులుకున్నానో అసలే చెప్పకు." చదివి నేను ఇదే గడప మీద కూర్చుని తిట్టుకున్నాను. తిట్టుకుని, ఆదివారం కోసం ఎదురుచూశాను.

టీవీ అంటే ఆవిడ వస్తుందా? "మళ్లీ ఆ దొరసాని ఏడుపు వినడానికా" అంటుందని, టాంబోలా ఆడుతున్నారని అబద్ధం చెప్పాను. టాంబోలా అంటే చెవి కోసుకునేది, అట్ట మీద అంకెలు నేను చూసిపెట్టేదాన్ని. నీలం శాలువా కప్పుకుని వచ్చింది. బార్లో ఇసకేస్తే రాలదు, కుర్చీలు చాలక చేపపెట్టెలు బోర్లేసుకుని కూర్చున్నారు. "ఇంతమంది ఆడుతున్నారా? అంకెలు ఎప్పుడు పిలుస్తారే?" అంటుంది అత్త. "ఇప్పుడే అత్తా, ఇప్పుడే." నాటకం మొదలైంది. ఎవరో మాట్లాడుతున్నారు, తలుపు చప్పుడు. ఎర్సీలియా వచ్చింది, చేతిలో దుప్పటి మడత. ఎదురుగా ముసలి నటుడు తుర్కాటి, ఆయన గది ఖాళీచేసి వెళ్లిపోతున్నాడు, చేతిలో పెట్టె. ఇది "ఇంత పొద్దున్నే పెట్టె సర్దుకుని ఎక్కడికండీ?" అనాలి, అంతే. మూడు వారాలు రిహార్సలు చేసింది, నిద్రలో లేపి అడిగినా చెప్పేదట. కెమెరా నెత్తిన ఎర్రలైటు వెలిగింది. ఎనిమిదేళ్లుగా కెమెరా తిరగడం మొదలైతే ఆ నోరు చేసే పని ఒక్కటే కదా. నోరు తెరిచింది. "పదకొండూ" అంది.

బార్లో ఒరెస్తె చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "పన్నెండూ, పదమూడూ..." దాని కళ్లు చూస్తే తెలిసిపోతోంది, అయ్యో అయ్యో అనుకుంటోంది, కానీ నోరు ఆగట్లేదు. నేను కళ్లు మూసుకున్నాను. అంత పెద్ద వేషం వదులుకుని వచ్చి, దేశమంతా చూస్తుండగా, సార్డీన్లు లెక్కపెడుతోంది. వెనకాల ఎవడో నవ్వాడు. అప్పుడు నా మణికట్టు మీద అత్త చెయ్యి పడింది, ఎంత గట్టిగానంటే వారంరోజులు కమిలిపోయి ఉంది. "పధ్నాలుగూ, పదిహేనూ, పదహారూ... మళ్లీ ఒకటీ, పద్దెనిమిదీ..." అత్త లేచి నిలబడింది. నీకు తెలుసుగా, పదిహేడు మంచి అంకె కాదు మనకి. మనమైతే పదిహేడో తారీఖున పడవ దింపం, అంతవరకే. అమాబిలే అత్తకి ఆ మాట నోటితో అనడమే గిట్టదు. పదహారు చేపలయ్యాక "మళ్లీ ఒకటీ" అనేది. బజార్లో ఇంకెవరూ అలా అనరు, ఈ భూమ్మీదే ఎవరూ అనరు, ఆ తల్లీ ఆ కూతురూ తప్ప. "అది మనది!" అని అరిచింది. అమాబిలే అత్త అరుపంటే చెప్పాగా. "నోళ్లు మూయండ్రా! నా కూతురు మాట్లాడుతోంది!" ఎవడికి నవ్వొస్తుంది ఇంక?

అక్కడ తుర్కాటి, నలభై ఏళ్లు స్టేజీ మీద నలిగిన ప్రాణం, పెట్టె కింద పెట్టాడు. "ఏమండీ, నా తప్పులు లెక్కపెడుతున్నారా? ఇరవై దాటేటట్టయితే చెప్పండి, కూర్చుంటాను" అన్నాడు. అది పుస్తకంలో లేదు, సొంతంగా అన్నాడు. ఎర్సీలియా ఆయన్ని చూసింది. ఆపైన చూసుకో, మన చేపలబజారు గొంతుతో, "నలభై దాకా ఉన్నాయి, ముందు కూర్చోండీ" అంది. ఆయన కూర్చున్నాడు. తర్వాత మిగతా నాలుగు వాక్యాలూ చెప్పింది, ఒక్కటి తప్పు పోలేదు. అత్త మాత్రం కూర్చోలేదు, చివరిదాకా నిలబడే విన్నది.

తర్వాతా? తర్వాతేముంది, తీసిపారేస్తారనుకుంది. సోమవారం మిలాన్‌లో ఫోన్ల మీద ఫోన్లు, ఆ లెక్కలావిడ మళ్లీ ఎప్పుడొస్తుందని. బారి ఊరి నుంచి మందులషాపాయన ఒకడు రాశాడట, మా ఆవిడకీ కోపమొస్తే ఇలాగే లెక్కపెడుతుంది, నేను ఒక్కణ్నే బాధపడుతున్నానని అనుకున్నాను, ధన్యవాదాలు అని. ఇంకేం, లెక్క పాత్రలో కలిపేశారు. ప్రతి ఆదివారం ఎవరిమీదో కోపం, పదకొండు నుంచి మొదలు. దేశమంతా పిల్లలు "పదహారూ, మళ్లీ ఒకటీ" అని ఆడుకునేవాళ్లు. ఐదు వాక్యాలు యాభై అయ్యాయి, రెండేళ్లు నడిచింది. ఆ తర్వాత టీవీలోనే పద్దెనిమిదేళ్లు, మంత్రసాని, జడ్జిగారి వంటమనిషి, మఠం పెద్దమ్మ, ఎన్ని వేషాలని. ఫ్లావియా దొరెల్ పోయింది, పేర్లలో ఎర్సీలియా బోస్కొలో అని వేసేవాళ్లు, తోకతో సహా. మా నాన్న అప్పుడు శాంతించాడు. సినిమావాళ్లు మళ్లీ పిలవలేదనుకున్నావా? ఒకసారి పిలిచారు. క్లేలియా గొంతే పెట్టారు. హాల్లో జనం "ఈవిడెవరు? మా ఎర్సీలియా ఏదీ?" అని కుర్చీలు బాదారట. క్లేలియానే ఫోన్ చేసి నవ్విందట, "నాకింక నీ మొహం మీద ఏడ్చే యోగం లేదే" అని. ఎనభై మూడులో పోయింది ఎర్సీలియా, నిద్రలోనే, సుఖంగా. రంగుల సినిమా పోయిందని ఎప్పుడూ అనలేదు. నేనే అప్పుడప్పుడూ అనేదాన్ని, నాకు ఆశెక్కువ.

ఆ రోజు ఫోను సంగతి చెప్పలేదు కదూ నీకు? ఇంతసేపూ వాగి, అది చెప్పకపోతే ఎలా. నాటకం అయ్యాక ఎవరూ ఇంటికి వెళ్లలేదు, అది తప్పా, కావాలని చేసిందా అని కొట్టుకుంటున్నారు. ఆరుంబావుకి ఒరెస్తె బార్లో ఫోను మోగింది. నేనే ఎత్తాను. అటువైపు ఒకటే ఏడుపు. "ఆర్జియా, అంతా తగలేసుకున్నానే. రోమూ పోయింది, మిలానూ పోయింది. అమ్మ వచ్చిందా? రాలేదని చెప్పు. రాకపోతే బావుణ్ను." నేను నోరు తెరిచేలోపు అత్త ఫోను లాక్కుంది, పుట్టాక మొదటిసారి పట్టుకోవడం, తలకిందులుగా పెట్టుకుంది. తిప్పి పెట్టాను. పక్కనే చెవి ఆనించి నిలబడ్డాను, సిగ్గేం లేదు నాకు. "ఏమే, జలుబు చేసిందా?" అంది అత్త. అటు ఏడుపు ఠక్కున ఆగింది. "అయిదింటి నుంచీ వింటున్నాను, ముక్కు బిగుసుకుపోయింది నీకు. ఆయన్ని కూర్చోమన్నప్పుడైతే గొంతు జీరే. మెడకి ఉన్ని మఫ్లరు కట్టుకోవు కదూ? మిలాన్ చలికి మెడ బోసిగా తిరుగుతున్నావు కదూ?" అటు ముక్కు చీదిన చప్పుడు. "కట్టుకోలేదమ్మా" అంది, ఏడేళ్ల పిల్లలాగ. "నీకు బుద్ధెప్పుడొస్తుందే? అంతమందిలో అలా ముక్కుతో మాట్లాడితే నాకు తలవంపులు కాదూ?" అని అత్త అరుస్తోంది, బారంతా వింటోంది. అప్పుడు ఎర్సీలియా ఏమందో తెలుసా? "అమ్మా, ఆపకే" అంది. "తిట్టు. ఇంకా తిట్టు." అత్త తిట్టింది. ఒరెస్తె కాఫీ మిషను కట్టేసి...

ఏం లేదు. ఏం లేదన్నాగా, కంట్లో గాలి కొట్టింది. తూర్పుగాలి మొదలైంది. లేచి ఆ తలుపు వెయ్యి.